పాత కొండపల్లి బొమ్మకు ధర కట్టే ముందు

ఇంట్లో అమ్మమ్మల కాలం నాటి కొండపల్లి బొమ్మ ఉంటే, దాని విలువ చూడాలనుకుంటే ముందు చేతిలోకి తీసుకోండి. ఈ బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, చూడ్డానికి పెద్దగా ఉన్నా బరువే అనిపించదు, బరువుగా తగిలితే అనుమానించాల్సిందే. తర్వాత తిరగేసి అడుగు చూడండి, రంగు పడని చోట ఉలి గీతలు, ఆకురాయి గీతలు కనిపిస్తాయి. చేతులు, తల విడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కాబట్టి అతుకుల దగ్గర సన్నటి పగుళ్లుంటే కంగారొద్దు, అది పాతదనమే. అన్నిటికంటే ముఖ్యం ముఖం: కళ్ళు, కనుబొమలు కుంచెతో ఒక్క ఊపులో గీసినట్టుండాలి. దయచేసి కడగొద్దు, కొత్త రంగులు అసలే వేయొద్దు, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపి ధర కట్టేవాళ్ళకు అలాగే చూపించండి.