పిల్లల కార్ సీట్ చిన్నదైపోయిందా? కొత్తది కొనేముందు ఇవి చూసుకోండి

పిల్లలకు ఏడాది దాటిందో లేదో "సీటు సరిపోవట్లేదు, పెద్దది కొనాలేమో" అనే మాట మొదలవుతుంది. చాలా ఇళ్లలో సీటు బాగానే ఉంటుంది, సర్దుబాటే తప్పి ఉంటుంది.

సమస్య: వెనక్కి తిరిగిన సీట్లో (బిడ్డ ముఖం కారు వెనకవైపుకు ఉండే సీట్లో) కాళ్లు ముడుచుకుపోతున్నాయి

కారణం: కాళ్లు పొడుగయ్యాయి, అంతే. దీన్ని చూసే చాలామంది సీటును తొందరపడి ముందుకు తిప్పేస్తారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ తొందరే. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. కారు ఎదురుగా దేన్నైనా గుద్దితే, వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డ తలను, మెడను, వీపును సీటు ఒకేసారి కాచుకుంటుంది. ముందుకు తిరిగి ఉంటే ఒళ్లు పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు దూసుకుపోతుంది. ఆ లాగుడంతా మెడ మీదే.

పరిష్కారం: కాళ్ల సంగతి వదిలేయండి. మఠం వేసుకుని కూర్చోవడం ఈ వయసు పిల్లలకు ఇబ్బందే కాదు. బరువుకు, ఎత్తుకు సీటు లేబుల్ మీద రాసిన పరిమితి దాటే దాకా వెనక్కే ఉంచండి. తల పైభాగానికీ సీటు పై అంచుకీ మధ్య 2.5 సెం.మీ. జాగా ఉండాలని చాలా సీట్ల పుస్తకాల్లో ఉంటుంది. ఐరోపాలో అమలయ్యే ఆర్129 (ఐ-సైజ్) ప్రమాణం 15 నెలలు నిండేదాకా వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలంటుంది. అది కనీస గడువు మాత్రమే, ఆ రోజు రాగానే తిప్పాలని లేదు. ఒక్క మాట: ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి తిరిగే సీటు ఎప్పుడూ పెట్టకూడదు.

సమస్య: పట్టీల్లోంచి చేతులు లాగేసుకుంటున్నాడు

కారణం: ఎక్కువసార్లు పట్టీలు వదులుగా ఉండటమే. లేదంటే దళసరి కోటు మీద బిగించి ఉంటారు. కోటు తీసి చూస్తే ఎంత వదులుందో తెలుస్తుంది.

పరిష్కారం: ముందు తొడల దగ్గరున్న వదులంతా పైకి లాగండి, ఆ తర్వాతే ముందున్న పట్టీ లాగి బిగించండి. ఇప్పుడు భుజం ఎముక దగ్గర పట్టీని నిలువుగా చిటికెతో పట్టుకోడానికి ప్రయత్నించండి. మడత వేళ్లకు దొరికిందంటే ఇంకా వదులే, వేళ్లు జారిపోతే సరిపోయింది. పిల్లాడికి ఒత్తుకుంటోందని పక్కనున్న పెద్దవాళ్లు అంటూనే ఉంటారు, పట్టించుకోకండి. పట్టీ మెలి తిరగకూడదు. సీటు వెనక్కి తిరిగి ఉంటే పట్టీలు భుజానికి సమంగా లేదా కాస్త కిందనుంచి, ముందుకు తిరిగి ఉంటే సమంగా లేదా కాస్త పైనుంచి రావాలి. పిల్లలు పెరుగుతుంటే మనం మార్చడం మర్చిపోయేది దీన్నే. చలేస్తే పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పండి.

సమస్య: సీటు ఊగుతోంది

పై అంచు పట్టుకుని ఊపితే ఏ సీటైనా కదులుతుంది. కారు బెల్టు సీటులోంచి వెళ్లే చోట పట్టుకుని ఊపి చూడండి. అక్కడ అటూ ఇటూ 2.5 సెం.మీ. మించి కదిలితేనే తప్పు. బెల్టు లాక్ పడకపోవడమో, వేరే దారిలో దూర్చడమో కారణం. సీటును మోకాలితో గట్టిగా అదిమి బెల్టు లాగండి. ఐసోఫిక్స్ (కారు బెల్టుతో కాకుండా కారులోనే ఉండే ఇనుప కమ్మీలకు సీటును తగిలించే పద్ధతి) అయితే రెండు వైపులా గుర్తు ఆకుపచ్చగా మారాలి. ముందుకు తిరిగిన సీటుకు పైన టాప్ టెథర్ పట్టీ (సీటు పైభాగాన్ని కారుకు కట్టే పట్టీ) ఉంటే దాన్ని వదిలేయకండి, తల ఎంత ముందుకు వెళ్తుందో తగ్గించేది అదే. సామాన్ల కొక్కేనికి మాత్రం తగిలించొద్దు, టెథర్ కోసం ఇచ్చిన కొక్కెం ఎక్కడుందో కారు పుస్తకంలో ఉంటుంది.

సమస్య: పట్టీల బకిల్ పడట్లేదు

లోపల బిస్కెట్ ముక్కలు చేరి ఉంటాయి. పుస్తకంలో చెప్పినట్టే శుభ్రం చేయండి, నూనె మాత్రం వేయకండి. పట్టీలను వాషింగ్ మెషీన్‌లో వేయకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

నిజంగానే చిన్నదైపోతే

ముందుకు తిరిగిన సీట్లో భుజాలు అన్నిటికంటే పై పట్టీ స్థాయిని దాటినా, చెవుల పైభాగం సీటు అంచుకు చేరినా, బరువు పరిమితి మించినా మార్చాల్సిందే. అప్పుడు కూడా నేరుగా బూస్టర్‌కు (పిల్లాణ్ణి ఎత్తుగా కూర్చోబెట్టే, సొంత పట్టీలు లేని సీటుకు) వెళ్లకండి. అందులో పిల్లాణ్ణి పట్టుకునేది పెద్దవాళ్ల బెల్టు ఒక్కటే, పక్కకు వాలకుండా, జారకుండా కూర్చోవడం ఇంత చిన్నవాళ్ల వల్ల కాదు. బరువు, ఎత్తు పరిమితులు ఎక్కువగా ఉండి, సొంత పట్టీలున్న సీటు వెతకండి. ఐ-సైజ్ ఐసోఫిక్స్ సీటయితే పిల్లాడి బరువు, సీటు బరువు కలిపి 33 కిలోలు దాటకూడదు, కాబట్టి సీటు బరువు కూడా లెక్కే.

వాడిన సీటు తీసుకుంటే ప్రమాదంలో ఉందో లేదో తెలిసిన వాళ్ల దగ్గరే తీసుకోండి. సీటు ప్లాస్టిక్ మీద గడువు తేదీ అచ్చయి ఉందేమో చూడండి. కొత్తదైతే డబ్బు కట్టేముందే మీ కార్లో బిగించి, పిల్లాణ్ణి కూర్చోబెట్టి చూడండి. అలా చూడనివ్వకపోతే ఇంకో దుకాణానికి వెళ్లండి.