టన్నెల్ మోడల్‌లో షాట్‌క్రీట్ ప్రతిసారీ ఫెయిల్ అవుతోందా? (నా అనుభవం)

బెంగళూరు ఆఫీసులో కూర్చుని హిమాలయాల్లోని టన్నెల్ ఒకటి డిజైన్ చేస్తున్నాను. వ్యాసం 8 మీటర్లు, పైన 700 మీటర్ల కొండ, మెత్తటి, పొరలుగా ఉండే ఫిల్లైట్ రాయి. టూ-డీ కంప్యూటర్ మోడల్‌లో షాట్‌క్రీట్ (గోడ మీద స్ప్రే చేసే కాంక్రీట్) పగిలినట్టే చూపించేది. మందం పెంచాను, రాయిలోకి దించే బోల్టులు 4 నుంచి 6 మీటర్లు చేశాను, మోడల్ లెక్కల గళ్లు (మెష్) మార్చాను, లాభం లేదు.

తప్పు నాదే. తవ్విన క్షణంలోనే సపోర్ట్ (షాట్‌క్రీట్, బోల్టులు) పెట్టేస్తున్నాను, దాంతో దాదాపు 19 మెగాపాస్కల్స్ ఒత్తిడికి కదిలే రాయి భారమంతా దాని నెత్తినే పడుతోంది. నిజానికి ఫేస్ (తవ్వకం సాగుతున్న ముందు గోడ) అక్కడికి చేరేలోపే రాయి కొంత లోపలికి జరిగిపోతుంది కదా!

ముందు సపోర్ట్ లేకుండా రన్ చేశాను: గోడ 60 మి.మీ. కదిలింది, ప్లాస్టిక్ జోన్ (చుట్టూ రాయి నలిగిపోయిన ప్రాంతం) వ్యాసార్ధం టన్నెల్ వ్యాసార్ధానికి రెట్టింపు. ఆ రెండిటితో ఫేస్ నుంచి ఎంత దూరంలో గోడ ఎంత కదులుతుందో చెప్పే వ్లాకోపౌలోస్-డీడరిక్స్ (2009) సూత్రం వేస్తే, సపోర్ట్ పెట్టే చోట, అంటే ఫేస్‌కి 2 మీటర్ల వెనక, దాదాపు 29 మి.మీ. అప్పటికే జరిగిపోయి ఉంటుందని తేలింది. తర్వాత, తవ్వేసిన రాయికి బదులుగా మోడల్‌లో గోడ మీద పెట్టే లోపలి ప్రెషర్‌ని పది మెట్లుగా తగ్గిస్తూ, 29 మి.మీ. వచ్చిన మెట్టు దగ్గర షాట్‌క్రీట్, బోల్టులు ఆన్ చేసి, మిగతా ప్రెషర్ తీసేశాను. నిలబడింది. (సపోర్ట్ ఆలస్యంగా పెడితే మోడల్ ఎలాగైనా పాసవుతుంది, అందుకే ఆ 2 మీటర్లు సైట్ వాళ్లను అడిగే తీసుకోండి.)

ఇది పిండిలా నలిగే రాయికే. పగుళ్ల మధ్య దిమ్మలు జారే చోట, ఒకప్పుడు మన పక్కనే కోలార్ బంగారు గనుల్లో జరిగినట్టు ఒత్తిడికి గట్టిరాయి పేలే చోట ఈ లెక్క నమ్మకండి.