ఊళ్లో యూనిట్ పెట్టాలంటే: పీఎంఈజీపీ దరఖాస్తు విధానం

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ నెట్ సెంటర్‌కి వెళ్తే, పక్క కుర్చీలో ఒకమ్మాయి పీఎంఈజీపీ ఫారం నింపిస్తోంది. కొత్తగా చిన్న యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు లోన్‌పై సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకమిది. దేవరకొండ దగ్గర సొంతూళ్లో జొన్న, రాగి పిండి మిల్లు పెట్టాలని ఆమె ఆలోచన. ఆపరేటరేమో ఆమె ఉండే హాస్టల్ అడ్రసునే యూనిట్ అడ్రసు గడిలోనూ కొట్టేశాడు. చూసుకుని మార్పించింది కాబట్టి సరిపోయింది, లేకపోతే అరవై వేలు పోయేవి.

ఎలాగంటే, ఈ పథకంలో సబ్సిడీ శాతం యూనిట్ ఎక్కడ పెడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, దివ్యాంగులు, మాజీ సైనికుల లాంటి వాళ్లకు పల్లెలో 35 శాతం, పట్నంలో 25. మిగతావాళ్లకు 25, 15. ఆమె ప్రాజెక్టు 6 లక్షలు. ఊళ్లో అయితే 2,10,000, సిటీలో అయితే 1,50,000. సొంతంగా పెట్టాల్సింది 5 శాతం, అంటే 30 వేలు. జనరల్ వాళ్లయితే 10 శాతం.

18 ఏళ్లు నిండాలి, యూనిట్ కొత్తదై ఉండాలి, కుటుంబానికి ఒక్కరికే. తయారీ యూనిట్లకు 50 లక్షలు, సేవలకు 20 లక్షల దాకా ప్రాజెక్టు ఖర్చు ఒప్పుకుంటారు. తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

దరఖాస్తు కేవీఐసీ (ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్) పోర్టల్‌లోనే, ఫీజు లేదు. పథకం గడువు 2025-26 వరకని పొడిగించారు కాబట్టి ముందు పోర్టల్‌లో దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూడండి. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి. ఫొటో, కుల ధ్రువపత్రం, చదువు సర్టిఫికెట్, ప్రాజెక్ట్ రిపోర్ట్, గ్రామీణ ప్రాంతమన్న సర్టిఫికెట్ స్కాన్ చేసి పెట్టుకోండి. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లు మున్సిపాలిటీల్లో కలిసిపోతున్నాయి. మీ ఊరు ఇంకా పంచాయతీయేనా అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

జిల్లా, బ్యాంకు బ్రాంచి కూడా ఊరివే ఎంచుకోండి. రేపు మిల్లు చూడటానికి మేనేజర్ రావాలి కదా! ప్రాజెక్ట్ రిపోర్ట్ మాత్రం ఎవరి దగ్గరో కాపీ కొట్టించకండి. మెషిన్ కొటేషన్, కరెంటు ఖర్చు, రోజుకు ఎన్ని కిలోలు ఆడతారు, ఎవరికి అమ్ముతారు అని బ్యాంకులో అడిగేది మిమ్మల్నే. ఐడియా దొరక్కపోతే రాజేంద్రనగర్‌లోని ఎన్ఐఆర్‌డీపీఆర్ (జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ)లో రూరల్ టెక్నాలజీ పార్క్ ఉంది, ఓసారి చూసి రండి.

లోన్ మంజూరయ్యాక ఈడీపీ, అంటే వ్యాపారం నడపడంపై ఇచ్చే శిక్షణ పూర్తి చేయాలి. సబ్సిడీ మీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, ఆ మొత్తం మేరకు అప్పుపై వడ్డీ వేయరు. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక లోన్‌లో సర్దుతారు.