పడవలో కరెంటు – 4వ పాఠం: లంగరు వేసిన రాత్రి లెక్క

పోయిన పాఠంలో జెట్టీ మీది ప్లగ్గు నుంచి కరెంటు ఎలా తీసుకోవాలో చూశాం. ఇవాళ ఆ తీగ పీకేద్దాం. మనం మొదటి నుంచీ చెప్పుకుంటున్న 42 అడుగుల మోటార్ యాట్ ఫ్లోరిడా నుంచి బయల్దేరి, బహామాస్‌లో ఎక్సుమా దీవుల దగ్గర లంగరు వేసింది అనుకోండి. సాయంత్రం 6 అయింది, ఇంజన్లు ఆపేశాం. మళ్లీ పొద్దున 8 దాకా 14 గంటలు బ్యాటరీలే దిక్కు.

ఎంత ఉంది? 6 వోల్టుల, 225 ఏహెచ్ (యాంపియర్ అవర్లు, అంటే యాంపులు ఇంటూ గంటలు) గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు నాలుగు. రెండేసి సిరీస్‌లో కలిపితే 12 వోల్టుల జత అవుతుంది. రెండు జతల్ని ప్యారలల్‌లో కలిపితే 450 ఏహెచ్. అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచూ సగం కంటే కిందికి దించేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి మన చేతి ఖర్చుకి 225 మాత్రమే. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీని ఈ లెక్కలో కలపకండి, ఎప్పటికీ.

ఇక ఖర్చు. లాగే యాంపుల్ని నిజంగా నడిచిన గంటలతో గుణించడమే. ఫ్రిజ్ 5 యాంపులు లాగుతుంది, కానీ కంప్రెసర్ సగం సేపే తిరుగుతుంది: 35. ఫ్రీజర్ ఇంకొంచెం ఎక్కువ తిరుగుతుంది: 42. పడవ ఎక్కడుందో మ్యాప్ మీద చూపిస్తూ, లంగరు జారితే అరిచే ప్లాటర్ రాత్రంతా ఆన్‌లోనే ఉండాలి: 21. లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల పంపు, లంగరు దీపం అన్నీ కలిపి 21. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 15. ఇన్వర్టర్‌కి ఏమీ తగిలించకపోయినా, ఊరికే ఆన్‌లో ఉన్నందుకే గంటకి 1 చొప్పున 14 తినేస్తుంది. పొద్దున 900 వాట్ల కాఫీ మెషిన్ పది నిమిషాలు: 14. మొత్తం 162. మనకున్న 225లో హాయిగా సరిపోతుంది.

కాగితం మీద సరిపోయిన ఈ లెక్క పడవలో ఎలా తప్పుతుందో నేను కళ్లారా చూశాను. ఇలాంటి పడవలోనే, తెల్లవారుజామున 5 గంటలకి మొహం కడుక్కుందామని కొళాయి తిప్పాను. పంపు మూలిగింది, తల మీది లైటు మసకబారింది. మీటర్‌లో 11.6 వోల్టులు. నీళ్లు మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి! రాత్రంతా జనరేటర్ వెయ్యలేదు, మరి ఈ వేడి ఎక్కడిది? ఇన్వర్టర్ బిగించినవాళ్లు ప్యానెల్ మొత్తాన్నీ దానికే కలిపేశారు, గీజర్‌తో సహా.

ఆ గీజర్‌లో 40 లీటర్లు పడతాయి. ఆ నీళ్లని 25 డిగ్రీల నుంచి 65కి తేవాలంటే దాదాపు 1.9 యూనిట్లు కావాలి. 12 వోల్టుల్లో, ఇన్వర్టర్ నష్టం కూడా కలిపితే అది 175 ఏహెచ్ పైమాటే. అంటే ఒక్క ట్యాంకు వేడి నీళ్లు, మనం ఇందాక లెక్కేసిన రాత్రి మొత్తం కంటే ఎక్కువ! పైగా 1500 వాట్ల హీటర్ ఒకేసారి 140 యాంపులు లాగుతుంది. బ్యాటరీ మీద రాసిన అంకె 20 గంటల పాటు నింపాదిగా వాడితే వచ్చేది. అంత బరువు పెడితే అంత ఇవ్వదు.

మన ఇళ్లల్లో ఇన్వర్టర్ పెట్టే ఎలక్ట్రీషియన్ ఈ పని చెయ్యడు. ఫ్యాన్లు, లైట్లు, టీవీ ఒక లైన్, గీజర్, నీళ్ల మోటార్ ఇంకో లైన్. పడవలోనూ అంతే. గీజర్ బ్రేకర్ జెట్టీ కరెంటు, జనరేటర్ వైపే ఉండాలి. బ్యాటరీ చార్జర్ కూడా అటే ఉండాలి. అది ఇన్వర్టర్ వైపు ఉంటే బ్యాటరీ తన కరెంటుతో తననే చార్జ్ చేసుకుంటూ, తిరిగిన ప్రతిసారీ కొంత పోగొట్టుకుంటుంది.

పొద్దున 8కి జనరేటర్ వెయ్యండి. 100 యాంపుల చార్జర్ ఉంటే రాత్రి 162 వాడాక మిగిలిన 64 శాతం నుంచి గంటలో 85కి వచ్చేస్తుంది. ఆ పైన బ్యాటరీ మెల్లగా తాగుతుంది, మిగతా 15 శాతానికి గంటలు పడుతుంది. దాని కోసం జనరేటర్‌ని పెద్దగా లోడు లేకుండా నడపడం డీజిల్ దండగ, దాని ఆరోగ్యానికీ మంచిది కాదు. ఆ మిగతాది సోలార్‌కో, మళ్లీ ప్రయాణంలో ఆల్టర్నేటర్‌కో (ఇంజన్ తిప్పితే కరెంటు ఇచ్చేది) వదిలెయ్యండి. వారానికోసారైనా నూటికి నూరు నింపాలి, లేకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. గీజర్, వంట ఆ ఒక్క గంటలోనే కానిచ్చెయ్యండి.

ఈ వారం అభ్యాసం: జెట్టీ ప్లగ్గు తీసేసి, బ్రేకర్లన్నీ ఆపండి. పడవ అడుగున చేరిన నీళ్లని బయటికి తోడే బిల్జ్ పంపు జోలికి మాత్రం వెళ్లొద్దు. అది పడవ మునగకుండా కాపాడేది, మెయిన్ స్విచ్ ఆపినా దానికి కరెంటు అందుతూనే ఉండాలి. తర్వాత ఒక్కో బ్రేకర్ వేస్తూ, షంట్ మీటర్‌లో (బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో చూపేది) యాంపులు ఎంత పెరిగాయో నోట్‌బుక్‌లో రాయండి. అన్నీ ఆపినా మీటర్ సున్నాకి రాకపోతే, ఆ మిగిలిన యాంపులు ఎటు పోతున్నాయో తీగ పట్టుకుని వెతకండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఆల్టర్నేటర్ గురించి చెప్పే 5వ పాఠంలో దాంతోనే మొదలుపెడదాం.