లెక్క తప్పిందా? వచ్చిన జవాబునే ముందు చూడండి

పదో తరగతి లెక్కల్లో జవాబు కలవకపోతే చాలామంది మొత్తం కొట్టేసి మొదటి నుంచి చేస్తారు, చేసి అదే తప్పు మళ్లీ చేస్తారు. తప్పు జవాబు ఎలా ఉందో చూస్తే ఎక్కడ జారామో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మూలాల అంకెలు సరే, గుర్తులు తారుమారు

2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 కి మూలాలు, అంటే ఎక్స్ విలువలు, 3, 1/2 రావాలి. −3, −1/2 వచ్చాయంటే (−బి ± √(బి² − 4ఏసి))/2ఏ సూత్రంలో −బి ఉన్నచోట −7 రాసేశారు. ఇక్కడ బి విలువే −7, కాబట్టి −బి అంటే 7. అదే లెక్కకి "వాస్తవ మూలాలు లేవు" అని తేలితే కారణం వేరు: బ్రాకెట్ పెట్టకుండా బి ని వర్గం చేసి −49 రాశారు, దాంతో విచక్షణి (బి² − 4ఏసి) −73 అయి కూర్చుంది. (−7)² అని రాయండి, 49 − 24 = 25 వస్తుంది. చివర్లో మూలాలు కలిపి చూడండి, −బి/ఏ అంటే 7/2 రావాలి.

రెండు మూలాలకి ఒకటే వచ్చింది

ఎక్స్² = 5ఎక్స్ ని ఎక్స్‌తో భాగించేసి ఉంటారు, 0 అక్కడే పోయింది. అన్నీ ఒకవైపు తెచ్చి ఎక్స్ ఉమ్మడి తీయండి.

సరూప త్రిభుజం వైశాల్యం తక్కువ వచ్చింది

భుజాలు 2:3, చిన్నదాని వైశాల్యం 20 చ.సెం.మీ. అయితే పెద్దది 30 కాదు, 45. వైశాల్యాలది భుజాల వర్గాల నిష్పత్తి, 4:9.

మధ్యగతం (మీడియన్) తన తరగతిలోనే లేదు

నా లెక్కన అందరూ ఎక్కువగా పడేది ఇక్కడే. 0–10, 10–20, 20–30, 30–40 తరగతులకి పౌనఃపున్యాలు 5, 8, 12, 5 అనుకోండి. మొత్తం 30, సగం 15, సంచిత పౌనఃపున్యాలు (పైనుంచి కలుపుకుంటూ వస్తే) 5, 13, 25, 30, అంటే మధ్యగత తరగతి 20–30. జవాబు 20కీ 30కీ మధ్యే ఉండాలి, మీకేమో 11.67 వచ్చింది! ఆ తరగతి సొంత సంచిత పౌనఃపున్యం 25 తీసుకున్నారన్నమాట. తీసుకోవాల్సింది దాని పైవరుసలోని 13: 20 + (15 − 13)/12 × 10 = 21.67. టేబుల్‌లో 13 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టుకున్నాకే సూత్రం రాయండి, టెన్షన్ ఉండదు.

తరగతులు 10–19, 20–29 లా ఉండి జవాబు కొంచెంలో తప్పితే, దిగువ హద్దు 20 కాదు 19.5, తరగతి పొడవు కూడా 9 కాదు 10.