మేం పెరిగిన ఇంగ్లండ్ పల్లె కబుర్లు రాసిపెట్టుకోవాలంటే

నా చిన్నతనం యార్క్‌షైర్‌లోని ఒక పల్లెలో గడిచింది. ఆ రోజుల గురించి రాద్దామని కూర్చుంటే ఒక్క ముక్కా రాలేదు. "మా బాల్యం" అని మొదలుపెట్టకండి, ఒక వస్తువు పట్టుకోండి. నాకు పాత ఆరు పెన్నీల బిళ్ళ దొరికింది. 1971 ఫిబ్రవరి 15న పాత షిల్లింగుల లెక్క (పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు) పోయి పౌండుకు 100 పెన్నీలయ్యాయి. ఈ బిళ్ళ మాత్రం రెండున్నర కొత్త పెన్నీల కింద 1980 దాకా చెల్లింది. దాన్ని అమ్మ చేతిలో పెట్టగానే ఆమె మాటల్లో గాజు సీసాల్లో మిఠాయిలు, బొగ్గుల పొయ్యి ముందు ఆరేసిన ఉన్ని మేజోళ్ళ వాసన, అన్నీ వచ్చేశాయి. పెద్దవాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేయండి, మధ్యలో సరిదిద్దకండి. (నేను సరిదిద్దాను. అమ్మ అలిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.) తర్వాత బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే పాత మ్యాప్ తెరవండి, స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం సైట్‌లో ఇంగ్లండువీ ఉచితమే. బడికి నడిచిన దారి వేలితో చూపించమనండి. తేదీలు తర్వాత చూసుకోవచ్చు.