ఎన్‌టీ స్కాన్‌కు పోయే ముందు చూసుకోవాల్సినవి

దేవరకొండ, అచ్చంపేట దిక్కు నుంచి మూడో నెల స్కానింగ్‌కు నల్గొండకో, మహబూబ్‌నగర్‌కో పోయేవాళ్లు బస్సెక్కే ముందు ఇవి చూసుకోండి.

వారాలు లెక్కపెట్టండి, నెలలు కాదు. ఈ స్కాన్ 11 వారాలు నిండినప్పటి నుంచి 13 వారాల 6 రోజుల వరకే. బిడ్డ మెడ వెనక నీటిపొర మందం కొలిచేది అప్పుడే. గడువు దాటితే ఆ కొలత మళ్లీ దొరకదు. ఇంట్లో పెద్దవాళ్లు "మూడో నెల వెళ్లనీ, పోదాం" అంటారు. వెళ్లనీయొద్దు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి క్యాలెండర్‌లో వారాలు గుర్తు పెట్టుకోండి.

ముందే ఫోన్ చేసి ఎన్‌టీ స్కాన్ చేస్తారా అని అడగండి. అన్ని సెంటర్లలో చేయరు.

గుర్తింపు కార్డు పట్టుకోండి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం-ఎఫ్ నింపాలి.

ఈ స్కాన్‌తో పాటు డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేస్తారు, బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి పుట్టుక సమస్య ఉండే రిస్కు ఎంతో చూడటానికి. దానికి అసలు వయసు చెప్పండి. ఆధార్‌లో అందాజుగా రాయించిన పుట్టినతేదీ ఉంటే ఆ మాట కూడా చెప్పాలి. వయసు, బరువు, షుగరు, కవలలు... రిస్కు లెక్క వీటితోనే కడతారు. పరగడుపున ఉండక్కర్లేదు.

రిపోర్టులో 1:200 అని ఉంటే, అలాంటి ఫలితం వచ్చిన 200 మందిలో ఒకరి బిడ్డకు ఆ సమస్య ఉండొచ్చని అర్థం. నిర్ధారణ కాదు. ఉమ్మనీటి పరీక్ష లాంటిది చేయించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మేనరికమైతే డాక్టరుకు విడిగా చెప్పండి. తలసేమియా (వంశంలో వచ్చే రక్తజబ్బు) లాంటివి ఈ పరీక్షల్లో బయటపడవు.

బొంబాయి, పుణె పనులకు పోయేవాళ్లు రిపోర్టులు వెంట ఉంచుకోండి. ఐదో నెల స్కాన్ అక్కడ చేసే డాక్టరు వాటినే అడుగుతారు.